ఏడో ఏటి కోణంగి వేషం

ఆ శనివారం పొద్దున కాఫీ పెడదామని ఇదలీనా వంటింట్లోకి వచ్చేసరికి, ఆమె మొగుడు ఒనోఫ్రె నేలమీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని, కొమ్మలు కత్తిరించే తోట కత్తెరతో పూలగుడ్డనొకదాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి పెట్టాడు. మూడో ముక్కకి కత్తెర పెట్టబోతున్నాడు.

"ఏమిటయ్యా అది?" అంది.

"గుడ్డ."

"గుడ్డని కళ్ళున్నవాళ్ళందరికీ తెలుస్తుంది. ఏ గుడ్డ?"

"పెట్టె అడుగున మడిచి ఉంది. ఏడాదంతా ఎవరూ వాడ్డం లేదుగా."

"ఏడాదంతా ఎందుకు వాడతారయ్యా, అది బాలయేసు పాక కింద పరిచే గుడ్డ. క్రిస్మస్‌కి పరిచి, రాజుల పండక్కి తీస్తాం. మా అమ్మ ఇచ్చింది."

ఒనోఫ్రె చేతిలోంచి కత్తెర జారి నేలమీద పడింది. రెండుసార్లు సిలువ గీసుకున్నాడు. మనిషి అంత బెదరడానికి కారణం ఉంది. ఆయన కత్తిరిస్తున్నది కోణంగి వేషానికి. బ్రెజిల్‌లోని మా మీనాస్ కొండల్లో క్రిస్మస్ మొదలు జనవరి ఆరున వచ్చే రాజుల పండగ దాకా, బాలయేసుని చూడవచ్చిన ముగ్గురు రాజుల పేర మేళం జెండా పట్టుకుని ఇంటింటికీ పాడుకుంటూ తిరుగుతుంది కదా, ఆ మేళం వెనక ముసుగేసుకుని గంతులేసే కోణంగి హేరోదు రాజు బంటు. పసిబిడ్డని చంపడానికి వెతికినవాడి మనిషి. వాడు జెండాని ముట్టుకోకూడదు. ముసుగుతో పాక ముందుకి రాకూడదు, ముసుగు తీసి, ముఖం చూపించి, మోకాళ్ళ మీద వంగాకే లోపలికి రావాలి. అలాంటివాడి లాగుకి బిడ్డ పక్కగుడ్డే దొరికింది ఈయనకి.

"హేరోదు బంటుకి బాలయేసు దుప్పటా? ఇంకా నయం, బిడ్డకి కట్టే గోచీ కూడా తీసుకోలేకపోయావా, టోపీకి పనికొచ్చేది," అంది ఇదలీనా. అంటూనే ఆగిపోయింది. అప్పుడుగానీ అసలు సంగతి ఆమె బుర్రకి ఎక్కలేదు. "వేషం ఎవరికి?"

"నాకే," అన్నాడు ఒనోఫ్రె, ముక్కల్ని మళ్ళీ మడతపెడుతూ, మడిస్తే అతుక్కుంటాయేమోనన్నట్టు. "ఏడోది తీర్చేస్తాను, ఇదా. బెలర్మీనో గురువుకి ఎనభై ఒకటి. ఈ ఏడుతో జెండా దించేస్తానంటున్నాడు. ఆయన తర్వాత మేళం ఎత్తేవాడు లేడు. ఈసారి తప్పితే ఇంకెక్కడ తీరుస్తాను?"

ఇదలీనా కాఫీ గిన్నె పొయ్యిమీద పెట్టి, పెట్టినదాన్నే మళ్ళీ దించి, నీళ్ళు పొయ్యలేదని చూసుకుంది.

ఆ మొక్కు మొక్కింది ఆమే. కూతురు లూసిమారాకి రెండేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జబ్బు చేసి, పెదవులు నీలంగా తిరిగిపోతే, ఒక వానరోజున ఒళ్ళో పిల్లని పెట్టుకుని, "రాజులారా, దీన్ని నాకు వదిలెయ్యండి, దీని తండ్రి ఏడేళ్ళు మీ వెనక కోణంగి కడతాడు" అని నోరారా మొక్కేసింది. ఆ పక్కనే ఉన్న ఒనోఫ్రె తల ఊపాడు. నోరు ఆమెది, కాళ్ళు ఆయనవి. పిల్ల బతికింది. ఆయన ఆరేళ్ళు కట్టాడు. ఏడో ఏడు కట్టలేదు. అలా పదేళ్ళు గడిచిపోయాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు మధ్యలో వదిలేసిన మొక్కు సంగతి ఎత్తినప్పుడల్లా ఇదలీనా ఏదో ఒకటి చెప్పి మాట మార్చేది.

"నడుం పట్టి చెప్పులు కూడా నన్నే తొడగమంటున్నావు, గంతులేస్తావా? పైగా కొత్త గుడ్డ కొనడానికి ఇంట్లో ఏముంది?" అంది.

"కొనమన్నానా? ఉన్నవాటితోనే కట్టుకుంటాను."

"ఉన్నదేదో కత్తిరించావుగా, చూశాను."

ఇంతలో లూసిమారా వచ్చింది. రొట్టెల దుకాణంలో తెల్లవారుజాము పని ఆ పిల్లది, జుట్టునిండా పిండి. మామూలుగా గుమ్మం అవతల్నించే అమ్మా ఆకలి అంటూ వస్తుంది. ఆవేళ ఏమీ అనలేదు. చంకలో ఉన్న ఖాళీ పిండి సంచుల కట్ట బల్లమీద పడేసింది. తెల్లటి నూలు సంచులు, పన్నెండు ఉంటాయి.

"వేషానికి. నాన్న అడిగాడు. దుకాణంలో ఊరికే ఇచ్చారు," అంది.

"చూశావా," అన్నాడు ఒనోఫ్రె పెళ్ళాంతో. "మనకి రంగులు వెయ్యడం రాదా ఏమిటి."

రంగులకి డబ్బేమీ పెట్టలేదు. పెరట్లో మూడు రాళ్ళ మీద మూడు పాత డబ్బాలు పెట్టి నీళ్ళు మరిగించారు. ఒకదాంట్లో కూరలకి వేసే పసుపు, ఒకదాంట్లో తెల్లబట్టలకి పెట్టే నీలిమందు, మూడోదాంట్లో గోడపక్క చెట్టుకి కాసిన జాఫ్రా గింజలు నలిపి వేశారు. అది ఎర్రగా వస్తుందనుకుంటే ఇటుకరంగు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు బట్టీలో పనిచేసినవాణ్ణి ఇటుకలు వదలవులే అని నవ్వాడు ఒనోఫ్రె. లూసిమారా నవ్వలేదు. కర్రతో నీలం డబ్బా కలుపుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నాన్నా, నువ్వు ఏడో ఏడు ఎందుకు కట్టలేదు?"

"పాత మాటలే తల్లీ అవి."

"ఇవాళ దుకాణంలో రొట్టెలు కొనేవాళ్ళ ముందు కార్మెలీటా పిన్ని అంది, పోనీలే పిల్లా, ఇప్పటికైనా మీ నాన్న వేషం చూస్తే సిగ్గు పడకుండా ఉన్నావు అని. ఏం సిగ్గు పిన్నీ అన్నాను. నీకు తెలీదా, నువ్వు ఏడ్చావనేగా మీ నాన్న మొక్కు మధ్యలో వదిలేశాడు, ఊరందరికీ తెలుసు అంది. ఊరందరికీ తెలుసట. నాకే తెలీదు."

ఒనోఫ్రె మంట కింద పుల్ల సరిచేశాడు. పుల్ల సరిగ్గానే ఉంది.

ఇదలీనాకి చెవులు వేడెక్కాయి. అయినా మాట తేలిగ్గానే వచ్చేసింది, ఎన్నో ఏళ్ళనించి చెప్పి చెప్పి అరిగిన మాట కాబట్టి. "ఏడ్చావే. బళ్ళో పిల్లలు డబ్బులేరుకునేవాడి కూతురని వెక్కిరించారని. నీకు గుర్తులేదు, చిన్నపిల్లవి."

"తొమ్మిదేళ్ళు నాకు. అన్నీ గుర్తున్నాయి," అంది లూసిమారా. "నాన్న వేషం దండెం మీద ఆరేస్తే దాని కింద దూరి ఆడుకునేదాన్ని. బళ్ళో నా స్నేహితురాళ్ళని ముసుగు చూపిస్తానని ఇంటికి తీసుకొచ్చి తలకో జామకాయ వసూలు చేసేదాన్ని. ఏడ్చింది ఒక్కసారే. నువ్వు ఆ చొక్కాని చింపి నేల తుడిచే గుడ్డలు చేసినప్పుడు. బాగా పాతబడిందన్నావు. పాతబడలేదమ్మా, ముందటేడే కొత్తగా కుట్టావు."

ఒనోఫ్రె లేచి, కట్టెలు తేవాలని, కట్టెలున్న వైపు కాకుండా వీధి వైపు వెళ్ళిపోయాడు.

లూసిమారా గొంతు తగ్గించింది. "నా ప్రాణం కోసం మొక్కిన మొక్కు. అది నావల్లే ఆగిందని పదేళ్ళుగా ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఎదురుపడితే ముసలమ్మలు నా నెత్తిమీద చెయ్యిపెట్టి జాలిపడేది ఎందుకో ఇవాళ తెలిసింది. సిగ్గుపడింది నేను కాదమ్మా. మరి ఎవరు?"

"గుడ్డ నల్లబడిపోతోంది, బయటికి తియ్యి," అంది ఇదలీనా.

"ఎవరమ్మా?"

లూసిమారా కర్ర అక్కడే పడేసి లోపలికి వెళ్ళిపోయింది. మూడు డబ్బాల ముందు ఒక్కతే మిగిలిన ఇదలీనా, నీళ్ళలోంచి సంచులు తీసి పిండుతూ ఉంటే, చేతులు మోచేతుల దాకా ఒకటి పసుపూ ఒకటి నీలమూ అయ్యాయి.

ఎవరో ఆమెకి తెలుసు. ఆరో ఏడు, కొత్త సంవత్సరం మర్నాడు. ఇదలీనా అప్పటికీ ఇప్పటికీ వంట చేసేది దోనా ఎవులాలియాగారి ఇంట్లోనే. ఆవేళ పట్నంనించి చుట్టాలొచ్చి వరండాలో కూర్చున్నారు. ఒనోఫ్రె ఉన్న మేళం ఆ ఇంటికి మొదటిసారి వచ్చింది, పాట అయింది, కోణంగి గంతులేశాడు. కోణంగికి డబ్బులు చేతికివ్వరు, నేలమీద విసురుతారు, వాడు పద్యం చెప్పి ఏరుకోవాలి. అది వాడుక, అందులో తప్పేమీ లేదు. కానీ పట్నంవాళ్ళు తమాషాకి కుర్చీల కిందకి విసిరారు. కోణంగి పాకుతూ కుర్చీల కింద దూరాడు. ఒక చుట్టపావిడ కెవ్వుమని కాళ్ళు పైకి ముడుచుకుంది. అందరూ పడీపడీ నవ్వారు. ఫలహారాలూ గ్లాసులూ ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఇదలీనాని అమ్మగారు అడిగింది, "ఈ జోకరు ఎవరే? నీకు తెలిసినవాడా?"

వినపడనట్టు ఊరుకుంటే పోయేది. తెలుసంటే పోయేది. ఇదలీనా అంది, "తెలీదమ్మగారూ. మా ఊరివాడు కాదు."

మనిషి ఆమె కాళ్ళకి జానెడు దూరంలో, కుర్చీ కింద ఉన్నాడు.

తర్వాత అందరూ పాక ముందుకి వెళ్ళారు. కోణంగి ముసుగు తీసి లోపలికి రావాలి. ఇదలీనా తలుపు చాటుకి జరిగింది, ఇప్పుడు ముసుగు తీస్తే అమ్మగారికి తెలిసిపోతుంది కదా అని. కానీ ఆవేళ కోణంగి లోపలికి రాలేదు. ముసుగు తాడు ముడిపడిపోయింది, ఊడిరావడం లేదు, నేను గేటు దగ్గర ఉంటానని గురువుకి కబురు పంపాడు. మేళమంతా కూర్చుని బీన్సూ కోడికూరా తింటే ఆయన ఎండలో గేటు బయట నిలబడ్డాడు. ఇదలీనా అదృష్టమనుకుంది. రాజులే కాపాడారనుకుంది. ఆ వారంలోనే చొక్కా చింపేసింది, పిల్ల ఏడుస్తోందని మొగుడితో చెప్పింది. ఒనోఫ్రె, "అలాగా" అన్నాడు. అంతే అన్నాడు.

రంగులు వేసిన రోజునించి తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. పనిమాత్రం ఆగలేదు, ఎందుకంటే క్రిస్మస్ ఎవరికోసమూ ఆగదు. లూసిమారా సంచుల్ని కత్తిరించి ఇస్తే ఇదలీనా మిషన్ మీద కుట్టేది. ఏది కావాలన్నా గోడకి చెప్పినట్టు చెప్పుకునేవాళ్ళు. "నీలం ముక్క చేతికి సరిపోదు," అని ఒకరంటే, "పసుపుది అతికితే సరిపోతుంది," అని ఇంకొకరు కిటికీతో అనేవారు. మధ్యలో ఒనోఫ్రె కూర్చుని సోడా మూతలు సుత్తితో చదును చేసి, మేకుతో బెజ్జం పెట్టి, గజ్జెల్లాగా తీగకి గుచ్చేవాడు. "మూతలే నయం, కొడితే మోగుతాయి," అన్నాడు ఒకరోజు.

ముసుగుకి మేకతోలు కొనాలంటే కుదరని పని. లూసిమారా చిన్నప్పటి పరుపు చింపి స్పాంజి తీశారు. దాన్ని ముఖం ఆకారంలో కత్తిరించి, బొగ్గుతో కనుబొమలు దిద్ది, పళ్ళకి గుమ్మడిగింజలు కుట్టారు. గడ్డానికి పాత చీపురు. మొత్తం అయ్యాక చూస్తే హేరోదు బంటులాగా లేదు, మూడురోజులు నిద్రలేని పన్ను వసూలుదారులాగా ఉంది. ఆ మాట ఒనోఫ్రె అన్నప్పుడు లూసిమారాకి నవ్వొచ్చింది, తల్లి వైపు చూసి ఆపుకుంది. ఆ ఆపుకోవడం ఇదలీనా చూసింది.

మర్నాడు పనిలోకి వెళ్ళిన ఇదలీనా చెప్పేద్దామనుకుంది. కూతురికి చెప్పే ముందు, మొగుడికి చెప్పే ముందు, ముందు అమ్మగారికి చెప్పాలి, అబద్ధం ఎక్కడ పుట్టిందో అక్కడే దాన్ని తుంచాలి అనుకుంది. దారంతా మాటలు కూర్చుకుంది. దోనా ఎవులాలియా కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఈమధ్య ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి, చుట్టాలు రావడం కూడా తగ్గింది.

"అమ్మగారూ, మీతో ఒక అబద్ధం చెప్పాను," అంది ఇదలీనా, చేతులు గౌనుకి తుడుచుకుంటూ.

"పంచదార సంగతా? నాకు తెలుసులే."

"పంచదార కాదమ్మా. పదేళ్ళ కిందట. రాజుల మేళం వచ్చినప్పుడు, మీ చుట్టాల ముందు, ఆ కోణంగి ఎవరని అడిగారు. తెలీదన్నాను. ఆయన మా ఆయన."

ఆవిడ బఠాణీకాయ ఒకటి చీల్చి, గింజలు గిన్నెలో రాల్చింది.

"ఏ కోణంగి?"

"కుర్చీల కింద పాకాడు. పిన్నమ్మగారు కాళ్ళు ముడుచుకున్నారు."

"ఏమోనే. ఏటా ఎవరో ఒకరు వస్తారు, ఎగురుతారు, పోతారు. నాకేం గుర్తుంటుంది. దానికి ఇప్పుడు ఏడుస్తున్నావెందుకు? మీ ఆయనైతే మాత్రం ఏమిటి, బాగానే ఎగిరి ఉంటాడు. ఆ బీన్సు చూడు, అడుగంటుతున్నాయి."

ఇదలీనా బీన్సు దించింది. ఆ దించడంలో చెయ్యి కాలింది, కాలినట్టు చాలాసేపటికిగానీ తెలియలేదు. పదేళ్ళు. పిల్ల పేరు చెడగొట్టింది, మొక్కు ముక్కలు చేసింది, మొగుణ్ణి పరాయివాణ్ణి చేసింది. ఎవరి ముందు పరువు కోసం చేసిందో ఆవిడకి అసలు ఆ రోజే గుర్తులేదు. తిట్టినా బాగుండేది. నవ్వినా బాగుండేది.

ఆ సాయంత్రం వేషం సరిచూసే పని పడింది. లూసిమారా వాకిట్లో టోపీకి అట్ట చుడుతోంది. లోపలి గదిలో ఒనోఫ్రె లాగూ చొక్కా తొడుక్కుని, ముసుగు బిగించుకుని, చేతులు చాపి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. ఇదలీనా నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని లాగు అంచు మడుస్తోంది. పసుపూ నీలమూ ఇటుకరంగూ, ఎక్కడా రెండు ముక్కలు ఒక్కలా లేవు. కదిలితే మూతలు గలగలమంటున్నాయి.

ముఖం కనపడకపోవడం వల్లనేమో, మాట వచ్చింది. సూదులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి చేతికి కట్టుకున్న సూదుల మెత్తలో గుచ్చి అంది.

"పిల్ల ఏడవలేదు."

ముసుగు కదల్లేదు.

"పిల్ల ఎప్పుడూ ఏడవలేదు. నేనే. అమ్మగారింట్లో ఆవేళ, నువ్వు కుర్చీ కింద ఉండగా, నువ్వెవరని ఆవిడ అడిగితే..."

"మా ఊరివాడు కాదన్నావు," అన్నాడు ఒనోఫ్రె ముసుగులోంచి.

ఇదలీనా చేతిలోని లాగు అంచు వదిలేసింది.

"స్పాంజి అయితేనేం తోలైతేనేం, చెవులకి బెజ్జాలుంటాయిగా," అన్నాడు. "జానెడు దూరంలో ఉన్నాను నేను."

"మరి పదేళ్ళూ..."

"ఏమనమంటావు? నీ చేతిలో పళ్ళెం వణుకుతోంది, కిందనించి కనపడింది నాకు. గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఇప్పుడు దీని పరువు నిలబెట్టాలిరా దేవుడా అనుకున్నాను. అంతే."

"ముసుగు తాడు..." అంది ఇదలీనా, అనలేక అనలేక.

"ముడి పడలేదే. లాగితే ఊడేది."

బయట లూసిమారా అట్ట చుట్టే చప్పుడు ఆగిపోయింది. ఇదలీనా ఆయన పాదాలు రెండూ పట్టుకుని ఏడ్చింది. పైకి ఏడవలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఎండలో, ఆకలితో, గేటు బయట. లోపల ఆమె అందరికీ కోడికూర వడ్డిస్తూ, రాజులకి మనసులో దండం పెట్టుకుంటూ.

"నాకు కష్టమనిపించలేదని కాదు," అన్నాడు ఒనోఫ్రె. "అనిపించింది. ఒకటి రెండేళ్ళు నీ వంట కూడా రుచిగా లేదు. తర్వాత అలవాటైంది. కానీ పిల్ల మీద పెట్టావు చూడు, అది మాత్రం తప్పు. నాకు తెలిసి నోరు మూసుకున్నాను, అందులో నాకూ సగం ఉంది. అది నా సగం, నేను చెప్పుకుంటాను దానికి. నీ సగం నువ్వు చెప్పుకో."

"చెప్పక్కర్లేదు," అంది గుమ్మంలోంచి లూసిమారా. సగం చుట్టిన టోపీ చేతిలో ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నీ విన్నాను. ఈ ఇంట్లో అందరికీ చెవులున్నాయి."

ఇదలీనా తల ఎత్తి కూతురి ముఖం చూడలేకపోయింది. నేలతోనే అంది, "రేపు నీ దుకాణానికి వస్తాను. రొట్టెలు కొనేవాళ్ళందరూ ఉండగా వస్తాను. కార్మెలీటా ఉండగా. సిగ్గుపడింది నా కూతురు కాదు, నేనని చెప్తాను."

"అందరి ముందా?"

"అందరి ముందేగా నీ పేరు పోయింది."

లూసిమారా టోపీ పక్కన పెట్టి వచ్చి తల్లి పక్కన నేలమీద చతికిలబడి, జారిపోయిన లాగు అంచు తను మడిచి పట్టుకుంది. "ఆరింటికి రా. ఏడు దాటితే అందరూ వెళ్ళిపోతారు," అంది. "సూది ఇటివ్వు. ఏడుస్తూ కుడితే వంకర వస్తుంది."

"నన్ను ఎంతసేపు నిలబెడతారు తల్లీకూతుళ్ళు?" అన్నాడు ఒనోఫ్రె. "నడుం పడిపోతోంది. చంక కింద బిగుతుగా ఉంది కూడా."

"ముసుగు తియ్యి మరి," అంది ఇదలీనా.

"ఉండనీలే కాసేపు."

ఇదలీనా మోకాళ్ళు పట్టుకుని లేచింది. రంగు ఇంకా వదలని వేళ్ళతో, ఆయన మెడ వెనక తాడు వెతికి, తనే ముడి విప్పింది. గుమ్మడిగింజల పళ్ళ వెనకనించి ముసలి ముఖం బయటికి వచ్చింది, చెంపలు రెండూ తడిగా, మీసం నిండా స్పాంజి తునకలు అంటుకుని. ఆయన ముఖం పక్కకి తిప్పుకోబోయాడు. ఆమె గడ్డం పట్టుకుని ఆపి, దీపం వైపు తిప్పి, ఆ తునకల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.